ఫారాలు ఆరు తెచ్చుకున్నావు, ముందు ఒకటి నింపు

ప్రశ్న క్లుప్తంగా: పీలేరు దగ్గర పల్లె నుంచి వచ్చి తిరుపతిలో బీటెక్ ఈసీఈ మొదటి ఏడాదిలో చేరిన అమ్మాయి అడిగింది. క్లబ్బుల పరిచయం రోజున ఆరు ఫారాలు తెచ్చుకుందట: ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం), ఎన్‌సీసీ, రోబోటిక్స్, కోడింగ్, సాహితీ సంఘం, డ్యాన్స్. సీనియర్లు అన్నిట్లో చేరమంటున్నారు, రెజ్యూమేకి పనికొస్తుందని. ఇంట్లో నాయన మాత్రం ‘చదువుకోను పంపినాం, వీటికి కాదు’ అంటున్నాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం కాబట్టి మీటింగుల్లో ఇంగ్లిష్ మాట్లాడాలంటే భయం. ఏది చేరాలి, ఎన్ని చేరాలి, మార్కులు తగ్గుతాయా అని టెన్షన్.

నేను తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అందులో తొమ్మిదేళ్లు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసరుగా చేశాను. ఇప్పుడు మా కాలేజీ ప్రకృతి క్లబ్బు బాధ్యత చూస్తున్నాను. నీది మా విద్యార్థుల వయసే కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దమ్మా.

ముందు సూటిగా జవాబు. చేరు, తప్పకుండా చేరు. మొదటి సెమిస్టరులో మాత్రం ఒక్కదానిలోనే చేరు. మరీ మనసు లాగితే రెండోది, అదీ వారానికి గంటకు మించి సమయం అడగనిది. ఎన్‌సీసీ కావాలా వద్దా అన్నది మాత్రం ఈ నెలలోనే తేల్చుకో. మిగతా ఐదింటికీ తొందర లేదు, రెండో ఏడాది చేరినా రానిస్తారు. ఎంచుకునేటప్పుడు క్లబ్బు పేరు, స్టాలు దగ్గర పెట్టిన బ్యానరు చూడకు. ‘నేను చేరితే మూడో వారానికి నా చేతికి ఏ పని ఇస్తారు?’ అని అడుగు. జవాబు చెప్పగలిగిన చోట చేరు.

ఆ ప్రశ్న ఎందుకంటే, ఇన్నేళ్లలో నేను చూసింది ఒక్కటే. క్లబ్బుల్లో ‘చేరిన’ పిల్లలు వందల మంది. వాళ్లలో మారింది, ఎదిగింది మాత్రం ఏదో ఒక పనిని నాది అని పట్టుకున్నవాళ్లే. అది స్టేజి మీద మాట్లాడే పనే కానక్కర్లేదు. గది తాళంచెవి ఎవరి దగ్గరుంది, మైకు ఎవరు తెస్తారు, ఖర్చు ఎవరు రాస్తారు, ఇలాంటివే.

ఇక ఆరింటిలో ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. కొన్నేళ్ల కిందట మా దగ్గర శ్రీకాళహస్తి అబ్బాయి ఒకడు ఉండేవాడు. చాలా చురుకు. మొదటి నెలలోనే ఆరు క్లబ్బుల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాడు. ఎవరు పిలిచినా వెళ్లేవాడు, కాదనడం రాదు. మూడో సెమిస్టరు చివర్లో హాజరు లెక్క తీస్తే 61 శాతం. చాలా యూనివర్సిటీల్లో నియమం నీకు తెలిసే ఉంటుంది: 75 శాతం ఉండాలి, 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి మన్నింపు అడగొచ్చు, 65 కన్నా తగ్గితే పరీక్ష రాయనివ్వరు. వాడు పరుగున నా దగ్గరికి వచ్చి బ్యాగులోంచి ఏడు ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే కాలేజీ పని మీదే క్లాసుకు రాలేదని చెప్పే) ఉత్తరాలు తీసి టేబుల్ మీద పరిచాడు. అన్నిటి మీదా సంతకాలున్నాయి, ముద్రలున్నాయి. తేదీలు చూస్తే కొన్ని రెండు నెలల నాటివి. ఒక్కటీ డిపార్ట్‌మెంటులో ఇవ్వలేదు. ‘తర్వాత ఇద్దామనుకున్నా మేడమ్’ అన్నాడు. అప్పటికే హాజరు జాబితా వెళ్లిపోయింది. ఏడాది పోయింది, జూనియర్లతో కూర్చున్నాడు. వాడు చేసిన పనులన్నీ నిజంగా చేసినవే. అందుకే నాకు ఇప్పటికీ బాధ.

కాబట్టి ఇది గుర్తుపెట్టుకో. ఓడీ ఉత్తరం చేతికొచ్చిన వారంలోనే డిపార్ట్‌మెంటులో ఇవ్వు, ఇచ్చేముందు ఫోన్లో ఫోటో తీసుకో. ఇంకో మాట: ఓడీ ఉంటే హాజరు వస్తుంది కానీ ఆ గంట పాఠం రాదు. సర్క్యూట్స్ క్లాసు పోయిందంటే, ఆ సాయంత్రమే ఎవరి నోట్సు అయినా తెచ్చుకుని రాసుకో. రేపు అంటే ఎల్లుండి అవుతుంది.

మార్కులు తగ్గుతాయా అన్నావు. ఒక క్లబ్బుకు వారానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. హాస్టల్లో ఫోన్ చూస్తూ పోయే సమయం కన్నా అది తక్కువే. నా దగ్గర వలంటీర్లుగా చేసినవాళ్లలో మార్కులు పడిపోయినవాళ్లను చూస్తే, కారణం వారం వారం జరిగే పని కాదు, ఫెస్ట్ వారమే. డెకరేషన్, రిహార్సల్, స్పాన్సర్లు అంటూ పదిరోజులు తిండీ నిద్రా ఉండవు. ఆ వెంటనే మిడ్ పరీక్షలు. చేరేముందే అడుగు, మీ పెద్ద కార్యక్రమం ఏ నెలలో అని. అకడమిక్ క్యాలెండరు పక్కన పెట్టుకుని చూసుకో. రెండూ ఢీకొంటే, ఆ వారం నేను ఇంతే చేయగలను అని ముందే చెప్పు. ముందే చెబితే ఎవరూ తప్పుపట్టరు. చివరి నిమిషంలో ఫోన్ ఎత్తకపోతేనే గొడవ.

ఇక నీ చేతిలో ఉన్న ఫారాల సంగతి.

ఎన్‌సీసీ. దీనికి మాత్రం ఆలస్యం పనికిరాదు. సీట్లు పరిమితం. ఎంపిక రోజున ఎత్తు చూస్తారు, పరిగెత్తిస్తారు, కొన్నిచోట్ల చిన్న రాతపరీక్షో ఇంటర్వ్యూనో ఉంటుంది. రెండో ఏడాది తర్వాత ‘బి’, మూడో ఏడాది తర్వాత ‘సి’ సర్టిఫికెట్ పరీక్షలు. అందుకే మొదటి ఏడాదే చేరితే బీటెక్‌లో నాలుగో ఏడాది ప్రాజెక్టుకూ ప్లేస్‌మెంట్లకూ ఖాళీగా ఉంటుంది. సైన్యంలో ఆఫీసరు కావాలన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఇది చాలా విలువైన దారి. ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు, డిగ్రీలో 50 శాతం ఉంటే రాతపరీక్ష లేకుండా ఎస్‌ఎస్‌బీ (సైన్యానికి ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకు వెళ్లే ప్రత్యేక ఎంట్రీ ఉంది, అమ్మాయిలకూ ఉంది. కానీ పరేడ్ తప్పదు, క్యాంపు తప్పదు, బూట్లు తళతళలాడాలి. పొద్దున్నే లేవడం, ఎండలో నిలబడటం ఇష్టం లేకపోతే యూనిఫాం చూసి చేరవద్దు. సగంలో వదిలేస్తే ఆ సీటు ఇంకో పిల్లకు దక్కకుండా పోయినట్టే.

రోబోటిక్స్, కోడింగ్. ఈసీఈ కాబట్టి రోబోటిక్స్ సహజంగానే లాగుతుంది. మంచిదే. అయితే వాళ్ల గదికి ఒకసారి వెళ్లి చూడు. టేబుల్ మీద సోల్డరింగ్ ఐరన్ వాడిన గుర్తులున్నాయా, కాలిపోయిన బోర్డులు, తెగిన తీగలు కనబడుతున్నాయా? ఉంటే అక్కడ పని జరుగుతోందన్నమాట. గోడ నిండా బహుమతుల ఫోటోలు ఉండి టేబుల్ శుభ్రంగా ఉంటే, మొదటి ఏడాది పిల్లలు కుర్చీలు మోయడానికే అని అర్థం. సీనియర్‌ని అడుగు: ‘ఈ సెమిస్టరులో ఫస్టియర్ వాళ్లు సొంతంగా ఏం చేశారు?’ కోడింగ్ క్లబ్బు విషయంలో కూడా అదే పరీక్ష. వారం వారం లెక్కలు కలిసి చేసే చోటైతే వెళ్లు. ఎవరో వచ్చి ఉపన్యాసం ఇచ్చి సర్టిఫికెట్లు పంచే చోటైతే ఆ గంట గదిలో కూర్చుని నువ్వే ప్రోగ్రాం రాసుకోవడం మేలు. ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం) లాంటి వాటి స్టూడెంట్ బ్రాంచిలో సభ్యత్వానికి ఏటా రుసుము ఉంటుంది. మొదటి ఏడాదే కట్టనక్కర్లేదు. సభ్యులు కానివారినీ రానిచ్చే కార్యక్రమాలు జరుగుతుంటాయి, రెండు మూడింటికి వెళ్లి చూసి అప్పుడు ఆలోచించు.

డ్యాన్స్ నీకు వచ్చి ఉంటే, ఇష్టమైతే చేరు, ఇందులో నేను చెప్పేదేమీ లేదు. సాహితీ సంఘం గురించి ఇంగ్లిష్ భయం దగ్గర చెబుతాను.

ఎన్‌ఎస్‌ఎస్. ఇది నా ఇల్లు లాంటిది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న మొదలైన పథకం ఇది. వలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, అంటే ఏడాదికి 120. వారానికి లెక్కేస్తే మూడు గంటలు కూడా రావు. దానికి తోడు దత్తత తీసుకున్న పల్లెలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. యూనిట్‌కు వంద మంది ఉంటే శిబిరానికి యాభై మందిని తీసుకెళ్తాం. ఈ మధ్య చాలాచోట్ల ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, సమాజ సేవ అన్నవాటిని సిలబస్‌లోనే చేర్చారు. కాబట్టి నీకు ఎలాగూ కొంత తప్పకపోవచ్చు. క్రెడిట్ కోసం సంతకం పెట్టించుకోవడం వేరు, వలంటీరుగా చేయడం వేరు, రెండూ ఒకటనుకోకు.

ఒక శిబిరం సంగతి చెబుతాను. పాకాల వైపు ఒక పల్లెలో వేశాం. యాభై మంది పిల్లలు, బడిలో పడక. మదనపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. నెలల తరబడి మీటింగుల్లో చివరి బెంచీలో కూర్చునేది, నోరు విప్పితే ఒట్టు. శిబిరం ఖర్చుల పుస్తకం ఎవరు రాస్తారంటే ఎవరూ ముందుకు రాలేదు. ఆ అమ్మాయి చేతిరాత బాగుంటుందని నేనే ఇచ్చాను. అంతకు మించి ఆలోచించి ఇచ్చింది కాదు.

రెండో రోజు తెల్లవారుజామున ఆ పిల్లనూ ఇద్దరు అబ్బాయిలనూ వెంటబెట్టుకుని కూరగాయల మార్కెట్టుకు వెళ్లాను. అబ్బాయిలు టమోటా బాక్సు రేటు అడిగి, సరే అని డబ్బు తీయబోతున్నారు. ఈ అమ్మాయి వంగి పైనున్న రెండు వరసలు పక్కకు తీసి, అడుగున చెయ్యి పెట్టి ఒక కాయ బయటికి లాగింది. తొడిమ ఎండిపోయి ఉంది. బొటనవేలితో నొక్కి చూసి, ‘అన్నా, పైన నిన్న కోసిన కాయ, కింద మూడు రోజుల కాయ. ఈ రేటు పైదానికైతే ఇస్తాం, కిందదానికి కాదు’ అంది. వ్యాపారి ఆశ్చర్యంగా చూసి ‘ఏం మే, నీకెట్ల తెలుసు?’ అన్నాడు. ‘మా నాయన మదనపల్లె మార్కెట్టుకు కాయ తోలతాడు’ అంది. ఆయన నవ్వి వేరే బాక్సు తెప్పించాడు, ధర కూడా తగ్గించాడు. ఆ రోజు నుంచి సంతకు ఎవరు వెళ్లినా ఆ పిల్ల లేకుండా వెళ్లలేదు. ఏడో రోజు సాయంత్రం, ఊరి పెద్దల ముందు, సర్పంచి ముందు నిలబడి ఖర్చుల లెక్క తానే చదివింది. మొదటి రెండు వరసలు చదివేటప్పుడు పుస్తకం పట్టుకున్న చేతులు వణికాయి. సంగటికి రాగిపిండి ఎంత, ఊరిబిండికి వేరుశెనక్కాయలు ఎంత, వంటచెరుకు ఎంత అంటూ వచ్చేసరికి గొంతు సర్దుకుంది. మిగిలిన డబ్బు ఎంతో చెప్పి, నోట్లు బల్ల మీద పెట్టింది. ఊళ్లో ఒక ముసలాయన లేచి ‘లెక్క బాగ చెప్పింది పాప’ అన్నాడు. తరవాత మూడేళ్లూ ఏ కార్యక్రమానికైనా మా లెక్కలు ఆ అమ్మాయివే.

పల్లె నుంచి వచ్చానని, ఇక్కడివాళ్ల ముందు నాకేమీ రాదని నువ్వు అనుకుంటున్నట్టు నీ ప్రశ్నలో కనిపించింది. అందుకే ఇది ఇంత వివరంగా రాశాను. ఇంటి నుంచి తెచ్చుకున్న తెలివి నీకూ ఏదో ఉంటుంది. అది బయటపడే పని దొరకాలి, అంతే.

రక్తదాన శిబిరాల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మొదటి ఏడాది అమ్మాయిలు చాలామంది ఉత్సాహంగా వచ్చి చిన్నబుచ్చుకుని వెళ్లేది ఇక్కడే. రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. హాస్టల్లో టిఫిన్ మానేసి క్లాసుకు పరిగెత్తే పిల్లలకు ఆ 12.5 ఎక్కడిది? వేలి మీద చుక్క తీసి చూసి వెనక్కి పంపుతారు. అందులో తప్పూ లేదు, సిగ్గూ లేదు. డాక్టరుకు చూపించుకుని, తిండి సరిచేసుకుని వచ్చే ఏడాది రా. అంతదాకా నమోదు బల్ల దగ్గర కూర్చో. ఆ పనిని తక్కువ అనుకోకు. మా దాతల రిజిస్టరులో పేరు, గ్రూపు, ఫోన్ నంబరు, ఉండే కాలనీ అన్నీ పిల్లలు పద్ధతిగా రాసి ఉంచారు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు పారినప్పుడు అదే రిజిస్టరు ముందు పెట్టుకుని, కాలనీల వారీగా ఫోన్లు చేసి ఎవరికి తిండి కావాలి, ఎవరింట్లో ముసలివాళ్లున్నారు అని కనుక్కున్నారు. రక్తం కోసం రాసిన పుస్తకం వరదలో అలా అక్కరకొచ్చింది.

ఇంగ్లిష్ భయం. ఇది నాకు బాగా తెలిసిన భయం. నేను పలమనేరు దగ్గర పల్లె నుంచి 1996లో తిరుపతికి చదువుకు వచ్చాను. మొదటి నెలలో ఒక సంఘం మీటింగుకు వెళ్తే సీనియర్లు గడగడా ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్నారు. పది నిమిషాలు కూర్చుని, బాత్‌రూంకు వెళ్తున్నట్టు లేచి వచ్చేశాను. ఆ ఏడాదంతా మళ్లీ ఏ మీటింగుకూ వెళ్లలేదు. ఆ ఏడాది పోగొట్టుకున్నాననే ఇప్పటికీ అనుకుంటాను. రెండో ఏడాది మా రూమ్మేటు బలవంతాన తీసుకెళ్తే, తెలుగులోనే అడిగాను నేనేం చేయాలని. ఎవరూ నవ్వలేదు. మీటింగులో ఏం మాట్లాడుకున్నారో రాసిపెట్టే పని ఇచ్చారు.

నీకూ అదే చెబుతాను. మీటింగులో తెలుగులోనే మాట్లాడు. నలుగురు తెలుగువాళ్లు కూర్చున్నచోట తెలుగులో మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంగ్లిష్ నేర్చుకోవాలంటే రాసే పని అడిగి తీసుకో: నోటీసు, ఆహ్వానం, కార్యక్రమం అయ్యాక అర పేజీ నివేదిక. వారానికి ఒక నోటీసు రాసి సీనియర్‌తో దిద్దించుకుంటే, ఏడాదికి ముప్పై నలభై సార్లు దిద్దినట్టు. ఏ కోచింగులోనూ అంత శ్రద్ధగా ఎవరూ దిద్దరు. ఇక సాహితీ సంఘం తెలుగుదైతే, నీ రెండో క్లబ్బుగా దాన్ని ఆలోచించు. నలుగురి ముందు నిలబడటం అలవాటు కావాలంటే అది నీ భాషలోనే మొదలవడం మంచిది. ధైర్యం ముందు వస్తే, ఇంగ్లిష్ దాని వెనక వస్తుంది.

డబ్బు, పెద్దరికం: ఈ రెండు చోట్లా జాగ్రత్త. ఎవరైనా డబ్బు అడిగితే మూడు విషయాలు చూడు. బాధ్యుడైన అధ్యాపకుడు ఎవరు, రసీదు ఇస్తారా, డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది. సీనియర్ సొంత ఫోన్‌పే నంబరుకు పంపమంటే, ఆగి అధ్యాపకుణ్ని అడిగిరా. నాకు తెలిసిన ఒక కాలేజీలో క్లబ్బు టీషర్టులంటూ ఫస్టియర్ పిల్లలందరి దగ్గరా వసూలు చేశారు. టీషర్టులు రాలేదు, లెక్కా రాలేదు. అడగడానికి పిల్లలకు మొహమాటం. ఏడాది చివర వసూలు చేసినవాళ్లు చదువు ముగించుకుని వెళ్లిపోయారు.

పెద్దరికం అంటే, ‘ఇంట్రో’ పేరుతో నిలబెట్టి పాడమనడం, ఆడమనడం, రాత్రి పూట గదికి రమ్మనడం. క్లబ్బు పేరు పెట్టినా అది ర్యాగింగే. మన రాష్ట్రంలో దానిమీద 1997 నుంచే చట్టం ఉంది, యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, టోల్ ఫ్రీ. నంబరు ఫోన్లో పెట్టుకో. నిజం చెప్పాలంటే చాలా క్లబ్బుల్లో సీనియర్లు అక్కల్లా, అన్నల్లా చూసుకుంటారు. నేను చెప్పేది ఆ కొద్దిమంది గురించే. మొదటిసారి నీ మనసుకు బాగా లేదనిపిస్తే రెండోసారి వెళ్లకు, అధ్యాపకులతో చెప్పు. విద్యార్థి సంఘాల ర్యాలీకి క్లబ్బు పేరుతో పిలిచినా ఆగి ఆలోచించు. సంఘాలు వేరు, క్లబ్బులు వేరు. ఆ దారి ఇష్టమైతే అది నీ హక్కు, కానీ తెలిసి వెళ్లు.

హాస్టల్ సమయాలు అమ్మాయిలకు పెద్ద ఇబ్బంది. రిహార్సళ్లు సాయంత్రం ఆరుకు మొదలవుతాయి, గేటు కూడా దాదాపు అప్పుడే మూస్తారు. దీనికి నేను చూసిన మంచి పద్ధతి ఒకటుంది: క్లబ్బు బాధ్యులు నెల మొదట్లోనే తేదీలు, పేర్లు రాసి, అధ్యాపకుల సంతకంతో వార్డెన్‌కు ఒకే ఉత్తరం ఇవ్వడం. ఏ రోజుకా రోజు అవుట్‌పాస్ కోసం బతిమాలుకోనక్కర్లేదు. మీ క్లబ్బులో ఇది లేకపోతే, ఆ ఉత్తరం రాసే పని నువ్వే తీసుకో. అక్కడున్న ప్రతి హాస్టల్ అమ్మాయికీ అది మేలు.

రెజ్యూమే మాట. ప్లేస్‌మెంట్ల ముందు మా పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు నేనూ చేస్తుంటాను. నాలుగు క్లబ్బులకు ‘కో-ఆర్డినేటర్’ అని రాసుకున్న అబ్బాయిని, ‘ఏదైనా ఒక కార్యక్రమంలో ఏం చెడింది, అప్పుడు నువ్వేం చేశావు?’ అని అడిగితే ఫ్యాన్ వైపు చూశాడు. అదే ప్రశ్న మన టమోటా అమ్మాయిని అడిగితే, శిబిరం నాలుగో రోజు గ్యాస్ అయిపోవడం, ఊళ్లో ఎవరింటికి వెళ్లి కట్టెలు అడిగిందీ, దానివల్ల ఖర్చు ఎలా మారిందీ ఐదు నిమిషాలు చెప్పింది, తెలుగూ ఇంగ్లిషూ కలిపి. ఇలాంటి జవాబు ఇంటర్వ్యూ కోసం బట్టీపట్టి చెప్పేది కాదు.

ఒకవేళ ఈ ఆరింటిలో ఏదీ నీకు నచ్చకపోతే? అప్పుడు నలుగురైదుగురు కలిసి కొత్తది మొదలుపెట్టొచ్చు, అది అనుకున్నంత కష్టం కాదు. మా ప్రకృతి క్లబ్బు అలాగే వచ్చింది. నలుగురు పిల్లలు, ఒక పాత బైనాక్యులర్. ప్రతి ఆదివారం ఆరింటికి క్యాంపస్‌లోనే తిరిగి కనిపించిన పిట్టల్ని రాసుకునేవారు. ఫిబ్రవరిలో ప్రపంచమంతా నాలుగు రోజులు పక్షుల లెక్క జరుగుతుంది, మన దేశంలో కాలేజీ క్యాంపస్‌లు కూడా అందులో పాల్గొంటాయి. మా వాళ్లూ పాల్గొన్నారు, ఆ జాబితా పట్టుకుని వెళ్లి అడిగితే గది ఇచ్చారు. మనకు శేషాచలం ఇంటి వెనకే ఉంది. తిరుమల ఘాట్‌రోడ్డులో రాతి పొరలు చూపిస్తూ, కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్, వాటి మధ్య కోట్ల ఏళ్ల ఎడం ఉందని చెబితే పిల్లలు బస్సు కిటికీలకు అతుక్కుపోతారు. అది జాతీయ భూవిజ్ఞాన స్మారకమని తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకే చాలామందికి తెలియదు. అడవిలోకి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా ఎవరినీ తీసుకెళ్లం. నువ్వూ ఎవరు పిలిచినా అలా వెళ్లకు. కొత్త క్లబ్బుకు కావలసింది ఒక అధ్యాపకుడి ఒప్పుకోలు, స్టూడెంట్ అఫైర్స్‌కు ఒక పేజీ ఉత్తరం, వారంలో మారని ఒక రోజు. ఆ మూడోదే కష్టం. ఇద్దరే వచ్చినా ఆ రోజు తప్పకూడదు.

చేరాక నచ్చకపోతే మానేయడం తప్పు కాదు. ఒక సెమిస్టరు చూడు. ఫోటోల కోసమే కలుస్తున్నారనిపిస్తే, నీకు పనే ఇవ్వకపోతే, వచ్చేయ్. వచ్చేముందు నీ దగ్గరున్న పుస్తకం, తాళంచెవి, పాస్‌వర్డు ఇంకొకరికి అప్పగించి, ఒక మాట చెప్పి రా.

ఇక నాయన సంగతి. ఆయన భయంలో అన్యాయం ఏమీ లేదమ్మా. ఫీజు కట్టి, ఆడపిల్లను దూరం పంపిన మనిషి. ‘క్లబ్’ అన్న మాట వినగానే ఆయనకు ఏం తోస్తుందో ఆలోచించు. అందుకే ఆ మాట వాడకు. ఫోన్లో వాదించకు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక కాగితం మీద తెలుగులో రాసి చూపించు: ఏ పని, వారంలో ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, బాధ్యులైన అధ్యాపకుల పేరు, ఫోన్ నంబరు. కింద నీ హాజరు శాతం రాయి. మొదటి మిడ్ మార్కులు వచ్చాక అదే కాగితం మీద అవి కూడా రాసి మళ్లీ చూపించు. ఆ మదనపల్లె అమ్మాయి వాళ్ల నాయన కూడా మొదట ఒప్పుకోలేదు. శిబిరం ఐదో రోజు, మార్కెట్టుకు కాయ తోలిన బండిలోనే, చెప్పకుండా వచ్చాడు. బడి వరండాలో కూతురు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని, వంటమనిషితో నూనె లెక్క తేలుస్తోంది. ఆయన కూతురి దగ్గరికి వెళ్లలేదు, దూరంగా వేపచెట్టు కింద నిలబడి చూశాడు. వెళ్లేటప్పుడు బండిలోంచి రెండు బాక్సుల టమోటా దింపి, డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ పిల్ల మాత్రం పుస్తకంలో ‘విరాళం’ అని రాసి, కింద నాయనతో సంతకం పెట్టించుకుంది.